మూరెడు పలకకు మోడు ముద్ర

"ఇంకో ఏడు చుట్లు," అంది మంగతాయారు.

మోత సంచి భుజాన వేసుకున్న లెక్కల మేష్టారు నిట్టూర్చి మళ్ళీ గోడ వెంబడి నడక సాగించాడు. సంచిలో ఉన్నది ఇసుక. ఒక మూరెడు కంప్యూటర్ పలక, దాని కరెంటు తీగ కలిపి ఎంత బరువుంటాయో సరిగ్గా అంత. నాలుగో చుట్టు దాకా ఆయన నిటారుగానే నడిచాడు. ఐదో చుట్టులో మెడ వంగింది. ఏడో చుట్టులో, ఎవరూ చూడటం లేదనుకుని, సంచిని కుడి భుజం మీంచి ఎడమ భుజానికి మార్చాడు. నేలలో అమర్చిన తూనిక యంత్రం చూడనే చూసింది. మంగతాయారు ముందున్న గాజు తెర మీద 'భుజం మార్పు: ఏడో చుట్టు' అని పడింది.

"రోజూ గుడివాడ నుంచి రైల్లో వస్తారు కదండీ. స్టేషన్ నుంచి బడికి నడకేనా?"

"నడకేనండీ. అయినా నాకు మూరెడే కావాలి. మా బావకి మూరెడు ఇచ్చారు."

"మీ బావగారు ఏం చేస్తారు?"

"ఇంట్లో కూచుని క్రికెట్ చూస్తాడు."

"మరి?"

మేష్టారు సంచి దించి భుజం రుద్దుకున్నాడు. గాజు మీద 'జానాబెత్తెడు' అని పచ్చగా వెలిగింది. చేతికొచ్చిన కొత్త పలకని ఆయన చంకలో పెట్టి చూసుకున్నాడు. తేలిగ్గా ఉందని లోపల సంతోషమే అయినా పైకి మాత్రం అన్యాయం జరిగినట్టు మొహం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బందరు నిర్ణయ కేంద్రంలో మంగతాయారు మూడో బల్ల కొలతరి. రోజుకి నలభైమంది వస్తారు. పీట మీద కూర్చోబెట్టి ఒడి వెడల్పు కొలవాలి, చదివేటప్పుడు తల ఎంత దూరాన పెడతారో చూడాలి, వేళ్ళు చాపించాలి, మోత నడిపించాలి. నాలుగూ అందాక తూనిక జానెడో, జానాబెత్తెడో, మూరెడో తేల్చి చెబుతుంది. ఊళ్ళో ఎంత పెద్దమనిషైనా పీట మీద కూర్చున్నాక ఒడి ఒడే.

ఎడమ పక్క ఇంకో బల్ల ఉంది. జనం తెచ్చిన పాత పలకల్ని దాని మీద పెట్టాలి. పలకలోకి ఎప్పటికప్పుడు వచ్చిపడే కొత్త మార్పుల్ని తాజా అంటారు. అది ఆగి ఎన్నాళ్ళయిందో తూనిక చదువుతుంది. ఏడేళ్ళు నిండితే మోడు ముద్ర. ముద్ర పడ్డ పలకకి ఆ తర్వాత ఏ గోడా కరెంటు ఇవ్వదు. అందులో ఉన్న ఫొటోలూ రాతలూ కొత్తదాంట్లోకి ఎక్కించేస్తారు కాబట్టి ఎవరూ పెద్దగా గోల పెట్టరు. కొందరు పాతదాన్ని ఒకసారి తడిమి వెళతారు, అంతే.

మంగతాయారుకి ఈ కుర్చీ అంటే ప్రాణం. రోజుకి నలభైమంది కొత్త మనుషులు! ఈయన దీనితో ఏం చేస్తాడు, ఈవిడ అందులో ఏం దాచుకుంది అని ఆమెకి ఒకటే ఆరాటం. నమోదు పత్రంలో మాత్రం ఆ ప్రశ్న లేదు. ఒడి, కన్ను, వేలు, మోత, అంతే. ఆమె ఊరుకోక నోటితో అడిగేది. అడిగినప్పుడల్లా ఏదో ఒక కొత్త సంగతి దొరికేది, దాంతోపాటు ఓ చిక్కూ వచ్చిపడేది.

తూనిక తీర్పుని కొలతరి కాదనవచ్చు. అలా కాదంటే దాన్ని తేడా అంటారు. కారణం రాయాలి. ఆ కారణం నుంచి తూనిక పాఠం నేర్చుకుంటుందని చెబుతారు. ఏడాదిలో మూడు తేడాలు చేసిన కొలతరిని మాత్రం కుర్చీలోంచి లేపి, మోడు యార్డులో మరలు విప్పే పనికి పంపుతారు. మంగతాయారుకి అప్పటికే రెండు అయ్యాయి. పంచాంగం గణించే ఓ పొట్టి శాస్త్రిగారికి పట్టికలు ఒక్క చూపులో కనబడాలని మూరెడు ఇచ్చింది. చేటంత చేతులున్న జాలరికి పడవ పెట్టెలో ఇమిడేలా జానెడు ఇచ్చింది. రెండూ సబబే. అయినా రెండూ తేడాలే.

"పంతొమ్మిది," అని పిలిచింది.

పాత దుప్పటిలో చుట్టిన మూటని గుండెలకి హత్తుకుని ఓ పెద్దావిడ వచ్చింది. చీర చెంగు నిండా చెక్కపొట్టు. పేరు ఆకునూరి లిఖిత, వయసు డెబ్భై ఆరు. ఆ కాలం వాళ్ళందరివీ అలాంటి పేర్లే. డెబ్భై దాటిన వాళ్ళు లాస్యలూ, సాత్విక్‌లూ, యశస్వినులూ. వాళ్ళ మనవల నాటికి ఆ పేర్లు పాతబడిపోయి, అటకెక్కిన పేర్లు మళ్ళీ కిందికి దిగాయి. మంగతాయారు చదువుకున్న తరగతిలో మొత్తం ముగ్గురు మంగతాయార్లు.

"పెడన నించి వస్తన్నానమ్మా," అంది లిఖిత మామ్మ, మూట విప్పుతూ.

లోపల ఓ మూరెడు పలక. పంతొమ్మిదేళ్ళ కిందటిది. రొట్టెల పీట అంత మందం. ఒక మూల పగిలితే రాగితీగతో బిగించి కట్టారు. మీటల్లో సగానికి అక్షరాలు అరిగిపోయాయి. నువ్వులనూనె వాసన కొడుతోంది. ఎడమ బల్ల మీద పెట్టగానే తూనిక చదివింది: 'తాజా ఆగి ఆరేళ్ళ మూడువందల అరవై నాలుగు రోజులు. నేటి మధ్యాహ్నం పన్నెండుకు ముద్ర.'

అప్పుడు టైము పదకొండు దాటింది.

పీట మీద కూర్చోబెట్టి కొలిచింది. ఒడి చిన్నది. వేళ్ళు సన్నం, కానీ గట్టివి, కణుపుల దగ్గర కాయలు కాశాయి. మోత నడిపించడానికి వయసు అడ్డం వచ్చింది. ఏ అనుమానమూ లేకుండా గాజు మీద 'జానెడు' అని వెలిగింది.

"జానెడు నేనేం చేసుకోనమ్మాయ్?"

"చాలా బావుంటుంది మామ్మగారూ. కళ్ళజోడు కూడా అక్కర్లేదు. మీ కన్ను ఎంత దూరంలో ఉంటే అక్షరాలు అంతకి తగ్గట్టు పెరుగుతాయి."

"అదేగా వచ్చిన చిక్కు!" అంది మామ్మ.

సరిగ్గా ఇలాంటి మాట కోసమే మంగతాయారు ఏడాది పొడుగూ ఎదురుచూస్తుంది. కుర్చీ ముందుకి లాక్కుంది. "అసలు దీంతో మీరేం చేస్తారు?"

లిఖిత మామ్మ చేతి సంచిలోంచి ఓ చెక్క తీసి బల్ల మీద పెట్టింది. అరచేతి కంటే కొంచెం పెద్దది. దాని ముఖం మీద చిలకా, పువ్వూ, తీగా నూలుపోగంత గీతలుగా పైకి లేచి ఉన్నాయి. కలంకారీ బట్ట మీద అద్దే అచ్చు. బట్ట మీద ఒక్క చిలక పడాలంటే ఇలాంటివి ఎనిమిది కావాలట. ఒకటి నల్లగీతకి, తక్కినవి ఒక్కో రంగుకి ఒక్కోటి. ఎనిమిదీ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా కూర్చోవాలి. కూర్చోకపోతే చిలక ముక్కు ఎరుపు దాని కంట్లో పడుతుంది.

"ఈ బొమ్మ మా గురువుగారు గీసింది. కాగితాన్ని ఎప్పుడో చెదలు తినేసింది. ఇప్పుడున్నది దీంట్లోనే," అంటూ మామ్మ పలకని రెండు చేతులా విప్పింది. అది విచ్చుకుని, ఇంకా వెనక్కి వాలి, బల్లకి బల్లలా పూర్తిగా పడుకుంది. తెర మీద చిలక నిలబడింది. దాని మీద నూనె కాగితం పరిచి, పెన్సిల్‌తో గీత వెంట గీత లాగి చూపించింది. కింద వెలుతురు, పైన కాగితం. ఆ కాగితాన్ని చెక్కకి అంటించి, ఉలితో చెక్కుతుంది.

"ఆరు అచ్చులు అయినాయి. ఇంకా రెండున్నాయి, ఆకుపచ్చా పసుపూ. అద్దకం బల్లల దగ్గర పన్నెండుమంది ఈ రెండిటి కోసం చేతులు కట్టుకుని కూచున్నారు. ఇది ఆగిపోయిందంటే చేసిన ఆరూ పొయ్యిలోకే తల్లీ."

"దీన్ని అచ్చంగా కాగితం మీద తీయించుకోవచ్చుగా?"

"దేంతో తీయిస్తా? ప్రింటర్లన్నిటికీ మోడు కొట్టింది మీరేగా!"

మంగతాయారుకి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. తన మొదటి ఏడాదంతా ఆ పనే చేసింది మరి.

అరలోంచి కొత్త జానెడు తీసి, చిలకని అందులోకి ఎక్కించి మామ్మ ముందు పెట్టింది. మామ్మ దాని మీద నూనె కాగితం వేసి, పెన్సిల్ ఆనించింది. చిలక పక్కకి జారిపోయింది. మళ్ళీ సరిచేసి ఆనించింది. ఈసారి గిర్రున తిరిగి తలకిందులైంది. గీత బాగా కనబడాలని మామ్మ కిందికి వంగితే చిలక కుంచించుకుపోయి పిచ్చుకంత అయింది. వెనక్కి వాలితే ఉబ్బి కోడిపెట్టంత అయింది.

"మీరు కదలకుండా ఉంటే?"

"నేను శవాన్నా కదలకుండా ఉండటానికి?" అంది మామ్మ.

పోనీ పెద్దదైనా సరిపోతుందేమోనని మంగతాయారు కొత్త మూరెడు కూడా దించి చూసింది. అంతే. పెద్ద తెర మీద పెద్ద జారుడు. మామ్మ సంచిలోంచి ఇత్తడి స్కేలు తీసి ఆమె చేతికిచ్చింది. మంగతాయారు పాత పలక మీద పది సెంటీమీటర్ల గీత గీసి స్కేలు ఆనించింది. పది. తల దించి చూసినా పది, లేచి నిలబడి చూసినా పది. అదే గీతని కొత్తదాని మీద గీసింది. దగ్గరగా చూస్తే ఎనిమిది, దూరం నుంచి పన్నెండు, మధ్యలో తొమ్మిదిన్నర.

రోజుకి నలభైమంది ఒడులు కొలిచే మనిషి ఏనాడూ పలక మీద స్కేలు పెట్టి చూడలేదు. తానిచ్చిన వేల పలకల్లో ఒక్కదానికీ పది సెంటీమీటర్లంటే ఎంతో తెలియదు. మంగతాయారుకి ఒళ్ళు ఝల్లుమంది. భయం కాదు, చిన్నప్పుడు గడియారం వెనక మూత మొదటిసారి ఊడదీసినప్పుడు కలిగిన పులకింత లాంటిది.

"మరి ఇది మాత్రం ఎందుకు జారదు?"

"వేలు పెడితే కదిలే తెర కాదుగా ఇది. అప్పట్లో రాలేదు, లేదా చవకదాన్లో పెట్టలేదు. నాకు తెలీదు." మామ్మ అచ్చుని చేతిలోకి తీసుకుంది. "ఈ కర్ర చూడు. ఓ పాతింట్లో యాభై ఏళ్ళు దూలంగా ఉంది. పచ్చి టేకు చెక్కితే నున్నగా, ముచ్చటగా వస్తది. ఎండేసరికి వంకర పోద్ది. అందుకని కదలడం మానేసిన కర్రే అచ్చుకి వాడాల. మా గురువుగారు కర్ర కొనేటప్పుడు ఎంత కొత్తదని అడిగేవారు కాదు, ఎన్నాళ్ళ నించి ఊరికే పడుందని అడిగేవారు."

"పలక కూడానా?"

"అదీ అంతే. తాజా వచ్చినప్పుడల్లా దీంట్లో ఏదో ఒకటి అటూ ఇటూ అయ్యేది. ఓసారి పొద్దున లేచి చూద్దును గదా, బొమ్మ అంచుల్లో పోగంత పెరిగి ఉంది. చెక్కిన రెండచ్చులు పోయినాయి. తాజా ఆగిపోయిందన్న రోజున మా వీధిలో అందరూ అయ్యో అన్నారు. నేను కొబ్బరికాయ కొట్టా! ఆ తర్వాతేగా ఈ చిలకని ధైర్యంగా మొదలెట్టింది."

అప్పుడే పర్యవేక్షకుడు ప్రణీత్ గారు వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ నెమ్మదైన మనిషి. బల్ల మీద అచ్చూ, స్కేలూ, మూడు పలకలూ చూసి సంగతి గ్రహించాడు.

"తాయారూ, వరసలో ఇరవైమంది ఉన్నారు. ఫైలు ఎక్కించి పంపించు. బొమ్మ ఎక్కడికీ పోదుగా?"

"బొమ్మ పోదు బాబూ, కొలత పోద్ది," అంది మామ్మ.

ఆయన మంగతాయారుని పక్కకి పిలిచాడు. "నీకిది మూడోది. నేను ఆపలేను, లెక్క నా చేతిలో లేదు. మధ్యాహ్నానికల్లా కుర్చీ పోతుంది. యార్డులో పన్లో పడితే మనిషి మొహం చూసేది కూడా ఉండదు. ఆలోచించుకో." ఆ మాటలో బెదిరింపు లేదు. నిజంగానే ఆమె కోసం బాధపడుతున్నాడు.

మంగతాయారు తిరిగొచ్చి కూర్చుంది. పదకొండు యాభై. నలభైమంది మనుషులు లేని రోజుని ఊహించుకుంది. యార్డు ఆమెకి తెలుసు. పొడుగాటి రేకుల షెడ్డు, మరల డబ్బాలు, మూతబడ్డ పలకల దొంతర్లు. అడగడానికి ఎవరూ ఉండరు, చెప్పడానికి ఎవరూ ఉండరు. లిఖిత మామ్మ అటు చూడనైనా చూడకుండా, దొరికిన పది నిమిషాల్లో ఎంత వస్తే అంత అని, పాత పలక మీద గబగబా గీస్తోంది. చిలక తోక సగం అయింది. గీత ఎక్కడా వణకలేదు.

మంగతాయారు తీర్పు గడి తెరిచింది. తూనిక 'మోడు' అని సిద్ధంగా పెట్టి ఉంచింది. దాన్ని చెరిపి 'పనికొస్తుంది' అని రాసింది.

'కారణం?' అని అడిగింది తూనిక.

ఏం రాయాలి? పెద్దావిడ, పేద పని, చివరి బొమ్మ, ఇవన్నీ దయ కింద పోతాయి. దయకి వేరే గడి ఉంది, దాన్నుంచి తూనిక ఏ పాఠమూ నేర్చుకోదు. మంగతాయారు అచ్చు వంక చూసింది. చూసి, ఉన్నది ఉన్నట్టు రాసింది: 'మారడం ఆగింది.'

గాజు ఒక్క క్షణం ఆలోచించింది. 'ఈ కారణం మోడు తీర్పుకు చెందినది. తీర్పును గానీ కారణాన్ని గానీ సరిచేయండి.'

ఆమె ఏదీ సరిచేయలేదు.

'సరిచేయనిచో మూడవ తేడాగా నమోదగును. మధ్యాహ్నం రెండు గంటలకు ఆసనం ఖాళీ చేయవలెను. సమ్మతమా?'

ప్రణీత్ గారు ఇటు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మంగతాయారు 'సమ్మతం' నొక్కింది.

ఏమీ జరగలేదు. ఆ తర్వాత గమనిస్తే అదే జరగడం అని తెలిసింది. ఒకటో బల్ల దగ్గర ఓ ముసలాయన ఒడి మీద కొలత దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. రెండో బల్ల దగ్గర మోత నడిచే అమ్మాయి పది చుట్లూ పూర్తి చేసి, ఎవరూ ఆగమనకపోవడంతో పదకొండోది నడుస్తోంది. ఇన్నేళ్ళుగా 'మారడం ఆగింది' అన్న ఒక్క మాట మీదే లక్షల పలకలకి ముద్ర వేసిన తూనిక, అదే మాటని తిరగేసి ఇస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెతుక్కుంటోంది. జిల్లా అంతటా బల్లలన్నీ అలాగే బిగుసుకుపోయాయని ప్రణీత్ గారి చేతిలోని ఫోను చెప్పింది.

పన్నెండయింది. మంగతాయారు లేచి, పాత పలక తీగని తీసుకెళ్ళి గోడకి గుచ్చింది. రాగితీగ కట్టిన మూల పక్కన చిన్న దీపం ఉంది. అది వెలుగుతుందా? లిఖిత మామ్మ పెన్సిల్ ఎత్తిపట్టి ఊపిరి బిగబట్టింది.

వెలిగింది.

"అమ్మయ్య," అంది మామ్మ. పలక మూసి, దుప్పటి చుట్టి, ఇత్తడి స్కేలుని మాత్రం మంగతాయారు బల్ల మీదే వదిలేసింది. "ఉంచుకో తల్లీ, నాకింకోటి ఉంది. ఆ ఎనిమిదో అచ్చు అయినాక రా, చిలకని చూపిస్తా." గుమ్మం దాటేటప్పుడు మూటని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

అప్పుడు గాజు మళ్ళీ కదిలింది. మంగతాయారు పేరు పక్కన ఎర్రగా '3' పడింది. దాని కింద నమోదు పత్రం విచ్చుకుంది. ఒడి, కన్ను, వేలు, మోత. ఆ నాలుగు గడుల కింద ఐదోది ఒకటి వచ్చింది. ఎంత రాసినా పట్టేలా ఉంది. దాని మీద ప్రశ్న: 'ఈ పలకతో మీరేం చేస్తారు?'

ఒకటో బల్ల కొలతరి, "ఇదేంటి, నాకూ వచ్చింది!" అని అరిచింది. రెండో బల్లకీ వచ్చింది. ప్రణీత్ గారు తన ఫోను చూసి, గుడివాడ, అవనిగడ్డ అంటూ అన్ని కేంద్రాల పేర్లూ పైకే చదివాడు. చదివి, మంగతాయారు వైపు తిరిగాడు.

"రెండింటి దాకా నీ కుర్చీయే," అన్నాడు. "కానీయ్."

"ఇరవై," అని పిలిచింది మంగతాయారు.

ఓ భారీ మనిషి చిన్న పాత జానెడు పలకని రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. అలవాటుగా పీట మీద కూర్చుని, కొలుచుకోమన్నట్టు మోకాళ్ళు దగ్గరికి చేర్చాడు. గాజు మీది ప్రశ్న చూశాడు. పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"ఇది నిజంగానే అడుగుతోందాండీ?"

"అడుగుతోంది."

"అంటే... మా ఆవిడకి చెవులు వినపడవండీ. నేను మాట్లాడితే దీనిమీద పెద్ద పెద్ద అక్షరాలుగా పడుద్ది, ఆవిడ చదువుకుంటది. కొత్తవాటికి చెబితే అవి తిరిగి మాట్లాడతన్నాయంట, రాసి చూపియ్యవంట." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మొత్తం చెప్పమంటారా? కొంచెం పెద్ద కథండీ."

మంగతాయారు గోడ గడియారం చూసింది. పన్నెండుంపావు. ఇత్తడి స్కేలుని పక్కకి జరిపి, రెండు చేతులూ మీటల మీద పెట్టింది.

"మొదట్నించీ చెప్పండి," అంది.